300ఏ నుంచి రెంటచింతల ఎండ దాకా

1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ ధర 149 డాలర్లు. అదే నెలలో వచ్చిన పెంటియం-2 450 ధర 669. మదర్‌బోర్డు బస్ వేగం 66 మెగాహెర్ట్జ్ ఉంటే 300ఏ దాన్ని లోపల నాలుగున్నర రెట్లు చేసుకుని 300తో నడిచేది. ఆ నాలుగున్నరను ఎవరూ మార్చకుండా ఇంటెల్ తాళం వేసింది కానీ, బస్‌ను 100కు పెంచితే చిప్ దర్జాగా 450 అందుకునేది. కొన్ని బోర్డుల మీద ఇందుకు కార్ట్రిడ్జి అంచున బీ21 అనే కాంటాక్టు మీద చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు. పెంటియం-2లో క్యాష్ మెమరీ విడి చిప్పుల్లో ఉండి సగం వేగంతో నడిచేది. 300ఏలో 128 కిలోబైట్ల క్యాష్ అసలు చిప్‌లోనే ఉండేది, పూర్తి వేగంతో నడిచేది. రెండింటిదీ 0.25 మైక్రాన్ తయారీయే. ఖరీదైన చిప్‌కు ఉన్న సత్తువే చవక చిప్‌లోనూ ఉంది, పైన వేసిన అంకె వేరు. ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే చిప్‌ను పైన వేసిన వేగం మించి నడపడానికి, ప్రాసెసర్ ఎంచుకునేవాళ్లు ఇప్పటికీ వెతకాల్సింది ఆ తేడానే. ఒకే రకం చిప్పుల్లోనూ ఒకటి ఎక్కువ లాగుతుంది, ఒకటి లాగదు, అంతా అదృష్టమే అంటారు. విడి చిప్ మన చేతిలో లేని మాట నిజమే, కానీ ఏ రకంలో తేడా ఎక్కువ మిగిలిందో ముందే తెలుసుకోవచ్చు.

పల్నాడులో దీనికి ఇంకో లెక్క కలుస్తుంది. గురజాల పక్కనున్న రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతటా పేరు మోసింది, వేసవిలో అక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. రెండూ పది శాతం చొప్పున పెంచితే వేడి దాదాపు 33 శాతం ఎక్కువ పుడుతుంది. గది కంటే 40 డిగ్రీలు ఎక్కువగా నడిచే చిప్ అప్పుడు 53 డిగ్రీలు ఎక్కువగా నడుస్తుంది. 25 డిగ్రీల గదిలో అది 78, పర్వాలేదు. పల్నాడులోనే ఉన్న మాచర్లలో 40 డిగ్రీల గదిలో 93. ఇప్పటి చిప్పులు చాలావరకు 95, 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, పెంచిందంతా వృథా. వాటర్ కూలింగ్ పెడితే సరిపోదా అంటే, ఆ నీరు కూడా గది గాలికన్నా చల్లబడదు. ఏసీ ఉంటే మేలే, కానీ ఆ బిల్లును కూడా చిప్ ధరలో కలపాలి.

పైగా నేటి చిప్పులు ఫ్యాక్టరీలోనే హద్దు దాకా సాగి వస్తున్నాయి. అందుకే 105 వాట్ల రైజెన్ 7600ఎక్స్ కంటే, అదే ఆరు కోర్లతో 65 వాట్లకు కట్టుబడి 2023లో వచ్చిన 7600 ఇక్కడి గదులకు నయం. దాని తాళమూ తీసే ఉంది. చలికాలంలో వాట్ల హద్దు పెంచి పరుగెత్తించవచ్చు. మే నెలలో హద్దు మళ్లీ దించి, వోల్టేజ్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ ప్రతి మెట్టు దగ్గర గంటల తరబడి బరువైన పని ఇచ్చి పరీక్షించాలి. ఆ పరీక్ష పొద్దున చల్లపూట కాకుండా మిట్టమధ్యాహ్నం పెట్టాలి.