చెకుముకి తుపాకి

పిల్లలూ! వీధిలో మీరు పాలెగాళ్ళ ఆట ఆడే ఉంటారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ 2019లో సినిమాగా వచ్చిన తరవాత ఆ ఆట మరీ ఎక్కువయింది. ఒకడు పాలెగాడవుతాడు, ఇంకొకడు దొర అవుతాడు. కర్ర ఎక్కుపెట్టి "ఢాం! ఢాం! ఢాం!" అని వరసగా మూడుసార్లు అంటారు. అయితే ఆనాటి తుపాకి అలా వరసగా పేలేది కాదు. ఒకసారి పేలిన తరవాత, మళ్ళీ పేలేలోగా సిపాయి చెయ్యవలసిన పని చాలా ఉండేది. ఆ పని ఏమిటో తెలుసుకుంటే మన సీమ చరిత్ర కొంత, విజ్ఞానశాస్త్రం కొంత తెలుస్తాయి.

ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా మొదలైన దేశాలలో పాత యుద్ధాలను మళ్ళీ ఆడి చూపే సంఘాలున్నవి. ఆ సంఘాలవారు ఆ కాలపు బట్టలే కుట్టుకుంటారు, ఆ కాలపు గుడారాలలోనే పడుకుంటారు, ఆ కాలపు తిండే వండుకుంటారు. తుపాకిలో మందు మాత్రం వేసి, గుండు వెయ్యకుండా పేలుస్తారు. వాటర్లూ యుద్ధం జరిగి 200 ఏళ్ళయిన సందర్భంలో, 2015లో, బెల్జియం దేశంలో వేలమంది ఇలా చేరి ఆ యుద్ధాన్ని ఆడి చూపారు. మీరు మీ బడి వార్షికోత్సవంలో పాలెగాళ్ళ నాటకం వేస్తే, అందులో ఏవేం ఉండాలి? చూద్దాం.

1800లో నిజాము, తనకు సైన్యమిచ్చినందుకు ఖర్చు కింద, బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ, కర్నూలు సీమలో కొంత భాగాన్నీ ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే ఈ సీమను దత్తమండలం అన్నారు. 1928 నుంచి రాయలసీమ అంటున్నాం. మన తాడిపత్రి కూడా అలా చేతులు మారిన ఊరే. ఆ సీమకు మొదటి పెద్ద కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళూ, వారి కింద దాదాపు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లూ ఉన్నారని లెక్క తేలింది.

ఆ బంట్ల చేతుల్లో బల్లేలు, కత్తులు, జామగిరి తుపాకులు ఉండేవి. జామగిరి అంటే నిదానంగా కాలుతూ ఉండే తాడు. ఆ తాడు నిప్పును మందుకు తగిలిస్తే తుపాకి పేలుతుంది. పోరు జరిగినంతసేపూ తాడు ఆరిపోకుండా చూసుకోవాలి. వాన వస్తే ఆరుతుంది. రాత్రివేళ తాడు చివర నిప్పు మెరిసి, మనిషి ఎక్కడున్నాడో శత్రువుకు చెప్పేస్తుంది.

కంపెనీ సిపాయి చేతిలో ఉన్నది చెకుముకి తుపాకి. దానికి తాడు అక్కరలేదు. గుర్రం అనే ఇనుప కొక్కెం నోట్లో చిన్న చెకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే గుర్రం ముందుకు దూకి, రాయి ఉక్కుబిళ్ళను గీకుతుంది. నిప్పురవ్వలు రాలి, గిన్నెలో ఉన్న రంజకం అనే కాస్త మందును అంటిస్తాయి. ఆ మంట తుపాకి చెవిలో నుంచి గొట్టం లోపలికి పోయి, అసలు మందును పేలుస్తుంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆ నిప్పు రాయిలో నుంచి వచ్చిందా, ఉక్కులో నుంచి వచ్చిందా? రాయిలో నుంచే అని చాలామంది అంటారు. కాని నిప్పు ఉక్కుది! గట్టి రాయి అంచు ఉక్కును సన్నని పొడిగా చెక్కేస్తుంది. ఆ పొడి రాపిడికి వేడెక్కి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మండుతుంది. కత్తులు సానపట్టేవాడి చక్రం దగ్గర రాలే రవ్వలు కూడా ఇటువంటివే.

అలాగైతే ఏ రాయి అయినా సరిపోతుందా? సరిపోదు. మన ఊరి నాపరాయి మీద ఇనుప మేకుతో గీసి చూడండి. గీత పడుతుంది. తెల్లని పలుగురాయి మీద గీయండి. రాయికి గీత పడదు, మేకే అరిగి రాయి మీద మరక మిగులుతుంది. నాపరాయి సున్నపు జాతిది, మెత్తన. చెకుముకి రాయి, పలుగురాయి ఇసుక జాతివి, ఉక్కుకన్న గట్టివి. ఉక్కును చెక్కగల రాయే రవ్వ పుట్టిస్తుంది. ఇంగ్లండులో బ్రాండన్ అనే ఊరు చెకుముకి రాళ్ళు చెక్కడంలో పేరు పొందింది. చిత్రమేమంటే, తుపాకి మందులో ముఖ్యమైన సూరేకారం బీహారు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేది!

ఇప్పుడు సిపాయి పని చూడండి. తోలు సంచిలో నుంచి కాగితపు తూటా తీస్తాడు. పళ్ళతో కొరికి చింపుతాడు. కొంచెం మందు గిన్నెలో పోసి మూత వేస్తాడు. తుపాకి నిలబెట్టి, మిగిలిన మందు గొట్టంలో పోస్తాడు. దాని పైన గుండునూ, కాగితాన్నీ వేస్తాడు. గజం అనే ఇనుప కడ్డీతో అడుగుదాకా దట్టిస్తాడు. గజం తీసి దాని చోట పెడతాడు. గుర్రాన్ని పూర్తిగా వెనక్కు లాగి, అప్పుడు ఎక్కుపెడతాడు. బాగా అలవాటయినవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు.

లెక్క వేయండి. ఒక్కో దెబ్బకు 20 సెకండ్లు. గొట్టం వెడల్పు ముప్పాతిక అంగుళం, గుండు అంతకన్న కొంచెం చిన్నది. అందుచేత గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ బయటికి వచ్చి, ఎటు పోతుందో నమ్మకం ఉండదు. 100 గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం దాదాపు వ్యర్థం. ఆ 100 గజాలూ మీరు ఎన్ని సెకండ్లలో పరుగెత్తగలరు? మైదానంలో కొలిచి చూడండి. ఇంచుమించు అదే 20 సెకండ్లు! అంటే గురి తప్పితే, రెండో దెబ్బ కొట్టేలోగా శత్రువు మీద పడతాడు. అందుకే సిపాయిలను వరసలుగా నిలబెట్టి ఒక్కసారిగా పేల్పించేవారు, తుపాకి కొనకు బాకు బిగించేవారు.

పైగా తుపాకి ప్రతిసారీ పేలేది కాదు. 1834లో ఇంగ్లండులోని ఊలిచ్ వద్ద చెకుముకి తుపాకులను 6,000 సార్లు పేల్చి చూస్తే, 922 సార్లు పేలలేదు. కొత్తగా వచ్చిన టోపీ తుపాకులు అదే పరీక్షలో 36 సార్లు మాత్రమే తప్పాయి. ఆ కొత్త పద్ధతికి దారి చూపినవాడు ఫార్సిత్ అనే స్కాట్లండు మతగురువు. గిన్నెలో మంట చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని విసిగి ఆయన ఆలోచన మొదలుపెట్టాడు! చెకుముకి పోయినా, తూటాను పళ్ళతో కొరికే పద్ధతి మిగిలింది. 1857లో తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పుట్టి సిపాయిలు తిరగబడ్డారని మీ పాఠాలలో ఉన్నది కదా? ఆ కొరకడం ఇదే.

ఇక దండు సామాను. తుపాకి ఒక్కటే ఉంటే సైన్యం కాదు. గుడారాలు, మేకులు, తాళ్ళు, వంటపాత్రలు, నీటితిత్తులు, బియ్యం, గడ్డి కావాలి. ఇదంతా ఎద్దుల మీద కదిలేది. బంజారాలు వందల ఎద్దుల మీద ధాన్యం తెచ్చి దండుకు అమ్మేవారు. సైనికులకన్న వెంటవచ్చే కూలీలు, వంటవాళ్ళు, పశువుల కాపర్లే ఎక్కువ. మన సీమలో దండు ఎక్కడ దిగాలన్నా నీళ్ళే నిర్ణయించాలి. ఎండిన ఏట్లో చెలమ తవ్వి నీళ్ళు ఊరితేనే గుడారం లేస్తుంది. మన్రో కూడా సీమంతా తిరిగి పొలాలు కొలిపించి పన్ను కట్టేటప్పుడు, ఏళ్ళ తరబడి గుడారాలలోనే కాలం గడిపాడు. కనుక మీ నాటకంలో ఎద్దునూ, తిత్తినీ మరవకండి.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ సిపాయి ఎవరు? తెల్లవాడేననుకుంటున్నారా? కంపెనీ సైన్యంలో దొరలు కొద్దిమంది. తుపాకి మోసినవారిలో ఎక్కువమంది ఈ దేశంవారే, వారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని "తిలంగా" అనే పిలిచేవారు! జీతం కోసం చేరిన రైతుబిడ్డ ఒక పక్క, పాలెగాడి ఉప్పు తిన్న రైతుబిడ్డ మరొక పక్క. పాలెగాళ్ళలో రైతులను పీడించినవారూ ఉన్నారు, రైతుల పక్షాన నిలిచినవారూ ఉన్నారు. 1801లో తెర్నేకల్లు గ్రామస్తులు పన్ను విషయంలో కంపెనీకి ఎదురుతిరిగి, మట్టికోటలో నిలబడి పోరాడారు. 1846లో నరసింహారెడ్డి తిరగబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసి, జనం భయపడాలని తలను 1877 దాకా కోటకు వేలాడగట్టి ఉంచారు.

అందుచేత నాటకంలో సిపాయి వేషాన్ని ఎగతాళిగా వెయ్యకండి. పడిపోయేవాడు ఏ పక్షంవాడైనా, వాడి కోసం ఏదో ఒక పల్లెలో ఒక తల్లి ఎదురుచూస్తూ ఉండేది.

తుపాకిని కర్రతో చెయ్యండి. మందుగాని, బాణసంచాగాని అందులో పెట్టకండి. పాత తుపాకి ఎక్కడైనా కనబడితే ముట్టుకోకుండా పెద్దలకు చెప్పండి. వందేళ్ళ కిందటి మందు లోపల ఉండిపోయి ఉండవచ్చు. గొట్టంతో మందు కూరే తుపాకికి సైతం ప్రభుత్వం లైసెన్సు కావాలి.

పేల్చేవాడి పక్కన మరొక పిల్లవాడు నిలబడి, పైకి ఇరవై లెక్కపెట్టాలి. తూటా కొరికి, మందు పోసి, గజంతో దట్టించి, గుర్రం లాగేదాకా "ఢాం" అనరాదు. ఆ ఇరవై అంకెలూ వినబడుతున్నంతసేపూ, ఎదుటివాడు పరుగెత్తి వస్తూంటే సిపాయి గుండె ఎలా కొట్టుకున్నదో చూసేవారికి బాగా తెలుస్తుంది.