ట్రాక్టరు వెనుక తిరుగు షాఫ్టు: దాని లోపములను కనుగొను విధము

ఎద్దు నాగలిని లాగగలదు, గానుగను త్రిప్పగలదు. కాని నాగలిని లాగుచునే వేఱొక యంత్రమును త్రిప్పుట దానికి సాధ్యము కాదు. ట్రాక్టరు ఈ రెండు పనులను ఏకకాలమున చేయును. దాని వెనుక భాగమున వెలికి వచ్చియుండు పొట్టి ఉక్కు షాఫ్టు ఇందులకు సాధనము. దీనిని రైతులును మెకానిక్కులును పీటీఓ యందురు. ఇంజనులోని శక్తిని వెలికి గైకొను తావు అని ఆ పేరునకు భావము. 1918వ సంవత్సరమున అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీవారు దీనిని తమ ట్రాక్టరునకు చేర్చి అమ్మిరి. నేడు మన డెల్టాలలో దమ్ము చేయు రోటవేటరును, తోటలలో మందు చల్లు స్ప్రేయరును చిన్న ట్రాక్టరులు ఈ షాఫ్టుతోనే త్రిప్పుచున్నవి. రోటవేటరునకు మూలమైన యంత్రమును గూర్చి ఆస్ట్రేలియా దేశస్థుడగు ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ 1912లో ప్రయోగములు చేసెను. ఇంగ్లీషు అక్షరములలో దీని పేరును ఎటునుండి చదివినను ఒక్కటియే యగుట విద్యార్థులకు వినోదము.

ఈ షాఫ్టు సామాన్యముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు 9 చుట్లు తిరుగును. దాని అడ్డుకొలత 1 3/8 అంగుళములు. చుట్టుకొలత ఇంచుమించు 4 1/3 అంగుళములు. లెక్క వేసి చూడుడు: దానికి తగులుకొన్న పంచె కొంగుగాని చీర చెఱగుగాని ఒక్క సెకనులో గజమునకు మించి చుట్టుకొనిపోవును. "ఆపుము" అని కేక వేయుటకైనను వ్యవధి యుండదు. కావున ఏ లోపమును పరీక్షింపవలసినను మొదటి నియమ మిది: పీటీఓ లివరును విడుపు స్థానమున నుంచి, పనిముట్టును నేలకు దించి, ఇంజను నాపి, తాళపుచెవి తీసి, షాఫ్టు పూర్తిగా నిలిచిన పిమ్మటనే దగ్గఱకు పోవలెను.

పనిముట్టు తిరుగకున్నపుడు కొందఱు వెంటనే ట్రాక్టరు గేరుబాక్సును విప్పింపజూతురు. ఇది ముల్లు ఉన్నదో లేదో చూడక కాలు కోయించుకొనుట వంటిది. చివరి చేనికి నీరు రాకున్న రైతు తూము మొదలుకొని గట్టు వెంబడి నడచి గండి యెక్కడ పడినదో చూచును. ఇచ్చటను అదియే పద్ధతి. శక్తి ఇంజను నుండి క్లచ్చికి, క్లచ్చి నుండి గేర్లకు, గేర్ల నుండి వెనుక షాఫ్టునకు, అచ్చటి నుండి కలుపు షాఫ్టు ద్వారా పనిముట్టునకు ప్రవహించును. ఎంతవఱకు వచ్చి ఆగినదో తెలిసికొనవలెను.

ఇందుకు సులభమైన పరీక్ష కలదు. ఇంజను ఆపి కలుపు షాఫ్టును విడదీయుడు. తరువాత నడుపువాడు సీటుపై కూర్చుండి ఇంజను నడిపి లివరు వేయగా, వేఱొకరు దూరమున నిలిచి వెనుక షాఫ్టు తిరుగుచున్నదా యని చూడవలెను. తిరిగినచో లోపము చాలవఱకు పనిముట్టు వైపుననే యుండును. తిరుగనిచో ట్రాక్టరులోనే యున్నది.

ట్రాక్టరులో నున్నచో ముందు చిన్న కారణములను చూడుడు. లివరు పూర్తిగా పడినదా? రెండు దశల క్లచ్చి గల ట్రాక్టరులలో పెడలు సగము త్రొక్కిన చక్రములు మాత్రమే యాగును. కడవఱకు త్రొక్కిననే పీటీఓ విడివడును. అట్లు త్రొక్కక లివరు వేసినచో గేర్లు కఱకఱ లాడును. విద్యుత్తు స్విచ్చితో పనిచేయు రకములలో ఫ్యూజు, తీగెల అతుకులు చూడవలెను. ఆయిలు ఒత్తిడితో క్లచ్చి పట్టు రకములలో ఆయిలు మట్టము తగ్గినను, ఫిల్టరు మూసికొన్నను పట్టు చాలదు. కొన్నిటిలో సీటు క్రింద రక్షణ స్విచ్చి యుండును. అది చెడినచో క్రొత్తది వేయవలెనే గాని తీగె చుట్టి దానిని తప్పింపరాదు.

ఒట్టిగా తిరిగి, బరువు పడగానే నిలిచిపోయిన క్లచ్చి జాఱుచున్నదని యనుమానింపవలెను. కమరు వాసన దానికి గుర్తు. పెడలునకు కొంత వదులు ఉండవలెను. అది లేకున్నను, నడుపువాడు నిరంతరము పెడలుపై పాదముంచినను క్లచ్చి పలకలు అఱిగిపోవును. అయితే కొన్నిచోట్ల తప్పు క్లచ్చిది కాదు. ట్రాక్టరు అశ్వశక్తికి మించిన రోటవేటరును తగిలించుటయో, దానిని మిక్కిలి లోతునకు దించుటయో కారణమగును.

వెనుక షాఫ్టు తిరుగుచు పనిముట్టు తిరుగకున్న షియర్ బోల్టును చూడుడు. రాయి తగిలినపుడు గేర్లు పగులకుండ తాను విఱుగుటకే దానిని బలహీనముగా చేసిరి. దానికి బదులు గట్టి బోల్టు వేసినవాడు కొద్దిపాటి రూకలు మిగుల్చుకొని గేరుబాక్సును పోగొట్టుకొనును.

చప్పుడును అదురును కలిగినచో కలుపు షాఫ్టును పరీక్షింపుడు. దాని రెండు కొనలయందు మడతకీళ్లు గలవు. వంపుగా తిరుగు కీలు ప్రతి చుట్టునందును వేగమును రెండు మాఱులు హెచ్చించి తగ్గించును. రెండవ కీలు ఆ హెచ్చుతగ్గులను సరిచేయును. కాని కలుపు షాఫ్టుపై ఆ రెండు కీళ్ల చీలికలు ఒకే వరుసలో నున్నపుడే ఇట్లు జరుగును. విప్పి మఱల కూర్చునపుడు వరుస తప్పినచో అదురు పుట్టును. గ్రీజు లేకున్నను, తిరుగుచుండగా రోటవేటరును మిక్కిలి ఎత్తినను కీళ్లు చెడును. షాఫ్టు అధికముగా పొడవైనచో పనిముట్టు నెత్తినపుడు కొనలు గ్రుద్దుకొని బేరింగులు పాడగును. పొట్టిదైనచో నడుమ ఊడివచ్చును.

ఇంటిలో ట్రాక్టరు గల విద్యార్థులారా, సెలవులలో ఇంజను ఆపియున్నపుడు మీ తండ్రులతో కూడ ఆ షాఫ్టు చెంతకు పోయి, దానిపై ప్లాస్టికు తొడుగు చెక్కుచెదరక యున్నదా, తిరుగకుండ దానిని బంధించు గొలుసు ఉన్నదా యని చూడుడు. లేనిచో దున్నుటకు ముందే వేయింపుడని వినయముగా చెప్పుడు. విఱిగిన బోల్టు అంగడిలో దొరకును; తెగిన చేయి దొరకదు.