కంటికి గురిపెట్టే విషం

ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా తెలుగువాళ్లకు పాముల పేర్లు బెంగాలీలోనూ నోటికొచ్చు. పడగ మీద కళ్లజోడు గుర్తుంటే గోఖ్రో, ఒకే గుండ్రటి మచ్చ ఉంటే కేవుటే. రెండూ తాచులే. సిగ్నల్ మెయింటైనర్‌గా పనిచేసిన రోజుల్లో, వానలు మొదలైతే కేబుల్ గుంత మూతను ముందు ఇనుప కడ్డీతో గట్టిగా తట్టి, పక్కగా నిలబడి ఎత్తేవాళ్లం. ముఖం లోపలికి వంచొద్దని కొత్త కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి.

"అంత దూరం నుంచి కరుస్తాదేటి బాబాయ్?" అని నవ్వేవారు.

కరవదు, ఉమ్మొచ్చు. కేవుటే మామూలుగా పడగ విప్పి బుస కొడుతుంది, మరీ మీదికెళ్తే కాటేస్తుంది. అయితే పశ్చిమ బెంగాల్ కేవుటే విషం చిమ్మడాన్ని విశాల్ సాంత్రా, వోల్ఫ్‌గాంగ్ వూస్టర్ 2017లో నమోదు చేశారు. ఈ విద్యలో ఆరితేరినవి మాత్రం ఆఫ్రికా, ఆగ్నేయాసియా తాచులే. వాటిలో కొన్ని రెండు మీటర్ల దూరానికి కూడా చిమ్మగలవు.

కిటుకంతా కోరలో ఉంది. మామూలు తాచు కోర ఇంజక్షన్ సూదిలాంటిది. కొన దగ్గరి రంధ్రం పొడుగ్గా, కిందికి తెరుచుకుని ఉంటుంది. ఉమ్మే తాచుకి అదే రంధ్రం చిన్నగా, గుండ్రంగా, ముందుకు తిరిగి ఉంటుంది. కండరాలు విషగ్రంథిని నొక్కగానే విషం ఎదుటివాడి ముఖం మీదికి దూసుకొస్తుంది. ఆ క్షణంలో పాము తలను అటూఇటూ ఆడిస్తుంది కాబట్టి చుక్కలు చెదిరి, ఏదో ఒకటి కంట్లో పడుతుంది. ఎలుకనో కప్పనో పట్టడానికి అది ఉమ్మదు. ఇది ఆత్మరక్షణ కోసమే.

ఆఫ్రికా తాచుల్లో, ఆసియా తాచుల్లో, దక్షిణాఫ్రికాలోని రింకాల్స్ అనే పాముల్లో ఈ గుణం విడివిడిగా పుట్టిందని 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన చెబుతోంది. మూడింటి విషంలోనూ నొప్పిని పెంచే ఏర్పాటు ఒకటే. నిటారుగా నడుస్తూ కర్రా రాయీ పట్టుకున్న మన పూర్వీకుల నుంచి తప్పించుకోవడానికే ఇది పుట్టి ఉండొచ్చని ఆ పరిశోధకుల ఊహ.

విషం కంట్లో పడితే భగ్గున మండుతుంది. నలపకూడదు. ఆకు పసర్లు, పాలు పొయ్యకూడదు. వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ చాలాసేపు కడిగి, కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు మీది పొర పుండుపడి చూపే పోవచ్చు. కాటు పడకపోతే పాము విషానికిచ్చే యాంటీవీనం సాధారణంగా అక్కర్లేదు.

అందుకే యార్డుకెళ్లే కుర్రాళ్లకు ఇప్పటికీ చెబుతుంటాను: టార్చితోపాటు నీళ్ల సీసా పట్టుకెళ్లండి. పడగ కనబడితే మూత అలాగే వదిలేసి వెనక్కి జరగండి. పాముకి కావలసిందీ అంతే.