పనసపొట్టు

అమెరికాలో ఉన్న మా అమ్మాయి అక్కడి ఆసియా అంగడిలో పనసకాయ డబ్బాను చూచినదట. ఉప్పునీట నిలువచేసిన లేత ముక్కలవి. పాలు, నెయ్యి సైతం విసర్జించిన శాకాహారులు వాటిని మాంసానికి బదులుగా కొంటున్నారని వ్రాసినది. పక్కనున్న థాయి మసాలా ముద్దలను మాత్రం చీటీ చదువక కొనరాదట. చాలవాటిలో రొయ్యలు కలుస్తాయి.

మన గోదావరి సీమలో ఈ వెదకులాట లేదు. రాజమహేంద్రవరంలో మాఘ ఫాల్గుణాలలో లేతకాయ కొంటే అమ్మేవారే చెక్కు తీసి, పొట్టు కొట్టి ఇస్తారు. చేతికీ కత్తికీ నూనె రాయకున్న జిగురు వదలదు. పొట్టును ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుసుతో మగ్గించి, దింపి చల్లార్చిన పిదపనే ఆవముద్ద కలుపవలె. తడి తగిలి నూరినపుడు పుట్టే ఆవఘాటు పొయ్యిమీది వేడికి నిలువదు.

ఇందులో పాలు లేవు, నెయ్యి లేదు, రొయ్య లేదు. అయినను మనవారు దీనిని మరొకదానికి బదులనుకొనలేదు. పెండ్లిపంక్తిలో పనసపొట్టు కొసరి వడ్డించుకొనేవారు ఏ లోటు తీర్చుకొంటున్నారు?

డబ్బాలో ముక్క దొరుకుతుంది. పొట్టు కొట్టే చేయి మాత్రం మన ఇండ్లలోనే అరుదవుతున్నది. ఆవ పాళ్ళు అమ్మాయికి వ్రాసి పంపినాను. కొట్టే ఒడుపు ఉత్తరంలో ఇమడదు. ఈసారి వచ్చినపుడు మా అమ్మ పక్కన కత్తిపీట ముందు కూర్చుండబెట్టవలె.