వజ్రం నగకే కాదు, నీటి పరీక్షకీ!

వజ్రం అనగానే మన ఆడవాళ్లకి గుర్తొచ్చేవి ముక్కుపుడకా, చెవిదుద్దులే. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నాకు మాత్రం మంచినీళ్లు గుర్తొస్తాయి. నవ్వకండి, చెప్తాను!

మామూలు వజ్రంలోంచి కరెంటు పారదు. కాస్త బోరాన్ కలిస్తే పారుతుంది. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే హోప్ వజ్రానికి నీలిరంగు వచ్చిందీ ఆ బోరాన్ వల్లే. ఇప్పుడు ప్రయోగశాలల్లో మీథేన్, హైడ్రోజన్ వాయువులతో ఇలాంటి వజ్రాన్ని పల్చటి పొరగా పెంచుతున్నారు.

ఆ పొర ఉన్న ఎలక్ట్రోడుని నీళ్లలో ముంచి రుణ వోల్టేజి ఇస్తే, నీళ్లలో కరిగి ఉన్న సీసం దానిమీద పేరుకుంటుంది, గిల్టు నగకి బంగారు పూత పట్టినట్టు. తర్వాత వోల్టేజిని మెల్లగా ధనం వైపు తిప్పితే సీసం మళ్లీ నీళ్లలోకి దిగిపోతుంది. అప్పుడు పుట్టే కరెంటుని బట్టి సీసం ఎంతుందో లెక్క తేలుతుంది. ఒకప్పుడు ఈ పనికి ఎక్కువగా పాదరసం వాడేవారు. అదే ఓ విషం!

సీసం కంటికి కనపడదు, నాలుకకి తెలీదు, కాచినా పోదు. పసిపిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. లీటరు నీళ్లలో 10 మైక్రోగ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంత కొంచెాన్ని కూడా పట్టివ్వగల వజ్రం మన ఒంటిమీద లేకపోయినా ఫర్వాలేదు, నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉంటే చాలు!