చిట్టెలుక చెప్పిన గడువు

పుట్టినప్పుడు ఆ ఎలుక పిల్లకూ దాని తోడబుట్టినవాటికీ తేడా తెలియదు. అయిదో రోజుకల్లా చిక్కిపోతుంది. వెల్లకిలా పెడితే బోర్లా తిరగలేదు. రెండు వారాలు తిరిగేసరికి చచ్చిపోతుంది. డెల్టా-7 అనే ఈ రకాన్ని 2005లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పనిగట్టుకుని పుట్టించారు. మన పిల్లలకు పుట్టుకతో వచ్చే స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, అంటే ఎస్‌ఎంఏ అనే జబ్బు దానికీ రావాలని.

జి.కొండూరులోనో నందిగామ పక్క పల్లెలోనో ఈ జబ్బుతో బిడ్డ పుడితే మొదట ఎవరి నోటా ఆ పేరు రాదు. "మెడ నిలవలేదు" అంటారు. "నరాల బలహీనత" అంటారు. "వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడు లెండి" అని ఓ పెద్దావిడ ధైర్యం చెబుతుంది. నూనె పెట్టి మర్దన చేస్తారు, దిష్టి తీస్తారు. మైలవరంలో చూపించి, విజయవాడ వెళ్లి, అక్కణ్నుంచి హైదరాబాద్ బస్సెక్కేసరికి నెలలు గడిచిపోతాయి. బిడ్డ కళ్లలో మాత్రం చురుకు ఏమాత్రం తగ్గదు. ఇంట్లోవాళ్లను ఏమార్చేది అదే. చెడుతున్నది తెలివి కాదు. వెన్నుపాములో, మెదడు కాండంలో ఉండి కండరాలను ఆడించే నాడీకణాలు.

ఆ కణాలు బతకాలంటే ఎస్‌ఎంఎన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువును 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం కనిపెట్టింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. కాబట్టి "ఆ పిల్ల తరఫు రక్తంలోనే ఉంది" అని కోడలి మీద నెట్టడానికి లేదు. దాదాపు యాభై మందిలో ఒకరి దగ్గర చెడిన ప్రతి ఒకటి ఉంటుంది, వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మేనరికం ఇలాంటి జబ్బులకు అవకాశం పెంచేమాట నిజమే. కానీ ఎస్‌ఎంఏ బయటి సంబంధాల్లోనూ వస్తుంది.

మళ్లీ ఎలుక దగ్గరికి వద్దాం. మనిషికి ఈ విషయంలో ఒక స్టెప్నీ ఉంది: ఎస్‌ఎంఎన్-2 అనే రెండో జన్యువు. మొదటిది పోయినా ఇది పదో వంతు దాకా పనికొచ్చే ప్రొటీన్ ఇస్తుంది, బిడ్డ ప్రాణంతో పుట్టేది దానివల్లే. ఎలుకకు ఆ స్టెప్నీ లేదు. ఉన్న ఒక్క జన్యువూ తీసేస్తే కడుపులోనే పోతుంది. అందుకని 2000లో తైవాన్, అమెరికా బృందాలు వేర్వేరుగా మనిషి ఎస్‌ఎంఎన్-2ను ఎలుకలో పెట్టాయి. మనిషి జన్యువు పెట్టుకుని, మనిషి జబ్బుతో ఎలుక పుట్టింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న మూడు మందుల్లో రెండు, నుసినెర్సెన్, రిస్డిప్లామ్, పనిచేసేది ఆ రెండో జన్యువు మీదనే. మామూలు ఎలుకలో వాటిని పరీక్షించడమే కుదరదు.

మూడోది జన్యు చికిత్స. ఒహాయోలోనే బ్రయాన్ కాస్పర్ బృందం మంచి జన్యువును ఒక నిరపాయకరమైన వైరస్‌లో పెట్టి డెల్టా-7 పిల్లలకు ఎక్కించింది. 2010లో ఫలితం అచ్చయింది. పుట్టిన తొలి రోజే ఇచ్చినవి 250 రోజులు దాటి బతికాయి. అయిదో రోజున ఇస్తే కొంతే మేలు. పదో రోజున ఇస్తే దాదాపు ఏమీ లేదు. మందు అదే, మారింది ఇచ్చిన రోజు. ఆ మందే 2019 మేలో రెండేళ్లలోపు పిల్లల కోసం జోల్‌జెన్‌స్మాగా అమెరికాలో అనుమతి పొందింది, 21 లక్షల డాలర్ల ధరతో. పేపర్లలో పదహారు కోట్ల ఇంజెక్షన్ అని చదివాం కదా, అదే. ధర గురించి రాసినంతగా ఆ రోజుల లెక్క గురించి మనం రాయలేదు.

ఎలుక చెప్పింది పిల్లల్లోనూ నిజమైంది. లక్షణాలు బయటపడకముందే నుసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది పసివాళ్లలో 22 మంది సొంతంగా నడిచారని 2019లో తేలింది. జబ్బు ముదిరాక రిస్డిప్లామ్ మొదలుపెట్టిన 41 మందిలో ఏడాది తర్వాత అయిదు సెకన్లయినా ఆసరా లేకుండా కూర్చోగలిగింది 12 మంది. మందులు వేరు, పిల్లల పరిస్థితి వేరు, పక్కపక్కన పెట్టి తూచకూడదు. అయినా తేడా ఎటు చూపిస్తోందో దాచలేం.

ఎలుక ప్రతిసారీ నిజమే చెప్పదు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ ఎస్‌ఎంఏ ఎలుకల్లో ఆశ పుట్టించి, పిల్లల్లో తేలిపోయింది. టే-శాక్స్ అనే మరో మెదడు జబ్బులో కథ ఇంకా విచిత్రం. ఆ జబ్బుకు సంబంధించిన జన్యువును తీసేసినా ఎలుకకు దాదాపు ఏమీ కాదు, జబ్బులో మెదడులో పేరుకునే కొవ్వును కరిగించే అడ్డదారి దాని ఒంట్లో ఉంది. దానికి సరైన జోడీ టెక్సాస్‌లో ఒక గొర్రెల మందలో దొరికింది. జేకబ్ జాతి పిల్లలు కొన్ని తూలిపడుతుంటే పెంపకందారులు వాటిని వదిలించుకోకుండా డాక్టర్లకు చూపించారు. మన మెట్టలో గొర్రెల కాపరి కూడా తూలే పిల్లను ఇట్టే పట్టేస్తాడు, అడిగేవాళ్లే లేరు. మెదడు పరిమాణం మరో చిక్కు. ఎలుకది అర గ్రాము కూడా ఉండదు, మనిషిది కిలోకు పైనే. అంత చిన్నదాన్ని తడిపిన మందు పెద్దదాని మూలమూలకూ చేరుతుందా అన్నది గొర్రెలో, కుక్కలో చూడాల్సిందే. బ్యాటెన్ జబ్బులో ఒక రకానికి 2017లో వచ్చిన ఎంజైమ్ మందును ముందు డాక్స్‌హండ్ కుక్కల్లో పరీక్షించారు. రిస్డిప్లామ్‌కు ముందు రోష్ కంపెనీ తెచ్చిన మందును, కోతుల కళ్లలో దోషం కనిపించిందని 2015లో ఆపేశారు. ఆ కోతులు ఏ పిల్లల చూపు కాపాడాయో ఎవరికీ తెలియదు. జంతువుల మీద ప్రయోగాలంటే నాకూ మనసొప్పదు. కానీ ఆ మందు కోతిని దాటి నేరుగా పసిబిడ్డకు వెళ్లి ఉంటే బాగుండేదని అనలేను.

ఎలుక నుంచి మన దగ్గరికి దారి పడింది ఈమధ్యే. రిస్డిప్లామ్ పేటెంట్ మీద రోష్‌తో పోరాడిన హైదరాబాద్ నాట్కో కంపెనీకి 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టులో, ఆపైన సుప్రీంకోర్టులో అడ్డు తొలగింది. ఆరు లక్షల పైచిలుకు ఉన్న సీసా రూ.15,900కు వచ్చింది. చవకేనా? ఇరవై కిలోలు దాటిన పిల్లలకు రోజుకు 5 మిల్లీగ్రాములు, సీసాలో 60. ఏడాదికి ముప్పై సీసాలు, దాదాపు 4.8 లక్షలు, అదీ జీవితాంతం. మెట్టలో పత్తి రైతుకు ఇది కూడా మోయలేని బరువే. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది. నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి హైదరాబాద్‌లో దానికి కేంద్రం. అయితే అక్కడిదాకా వెళ్లాలంటే ముందు జబ్బు పేరు తెలియాలి.

అమెరికాలో 2018 నుంచి ఎస్‌ఎంఏ పుట్టిన పిల్లలకు చేయాల్సిన పరీక్షల జాబితాలో ఉంది, మడమ మీద సూది గుచ్చి తీసే నాలుగు చుక్కల రక్తం చాలు. మన దగ్గర అది ఇంకా అందరికీ జరిగే పరీక్ష కాదు. ఉన్నది ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడ్డానికి ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆమె నింపే ఫారంలో కాళ్లూ చేతులూ వేలాడుతున్నాయా, పాలు తక్కువ తాగుతోందా, ఏడుపు బలహీనంగా ఉందా అన్న గళ్లున్నాయి. అవి ఇన్ఫెక్షన్‌ను పట్టుకోవడానికి పెట్టినవి. ముందు అటే చూడాలి కూడా. ఇన్ఫెక్షన్ లేదని తేలాక కూడా కాళ్లు వేలాడుతుంటే ఎస్‌ఎంఎన్ రక్తపరీక్షకు పంపమనే గడి మాత్రం అందులో లేదు.