చెట్టుతొర్రలో బాతుగూడు: వడమాలపేట చెరువుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బాతు నీటి పక్షి కనుక దాని గూడు నీటి అంచున, గడ్డిలో ఉంటుందన్నది సాధారణ అభిప్రాయం. దక్షిణ భారతంలో స్థిరంగా నివసించి సంతానోత్పత్తి చేసే అడవి బాతులలో అనేకం చెట్టుతొర్రలను, పాత గూళ్ళను, కొన్ని సందర్భాలలో శిథిల కట్టడాల రంధ్రాలను ఆశ్రయిస్తాయి. ఈ ఎంపికకు గల జీవశాస్త్ర కారణాలను, తిరుపతి జిల్లా వడమాలపేట వంటి చెరువుల ప్రాంతంలో దానికి గల ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అడవి బాతులు, చెట్టుతొర్ర, గూటి ఎంపిక, చెరువు, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
వడమాలపేట తిరుపతి - పుత్తూరు రహదారిపై ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది చిత్తూరు జిల్లాలో భాగం. దక్షిణ రాయలసీమలోని ఇతర ప్రాంతాల వలెనే ఇక్కడి వ్యవసాయం వర్షాధారమైన చెరువులతో ముడిపడి ఉంది. నైరుతి రుతుపవనాల వానకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వాన తోడవుతుంది. చెరువు నిండటం, ఎండటం అనే ఈ వార్షిక చక్రమే నీటి పక్షుల జీవనక్రమాన్నీ నిర్ణయిస్తుంది. చెరువుల ఆరోగ్యాన్ని అంచనా వేసేటప్పుడు నీటి పరిమాణాన్ని లెక్కించడం పరిపాటి. పక్షుల విషయంలో ఆ లెక్క చాలదు. గూటికి అనువైన చెట్టు లేని చోట చెరువు నిండినా కొన్ని జాతులు అక్కడ సంతానాన్ని వృద్ధి చేసుకోలేవు.

2. స్థిరనివాస జాతులు - గూటి స్థలాలు:
తెలుగునేలపై సంతానోత్పత్తి చేసే బాతులలో నాలుగు జాతులు ఇక్కడ ప్రస్తావనార్హం.

మచ్చముక్కు బాతు అందరూ ఊహించే పద్ధతినే పాటిస్తుంది. నీటికి దగ్గరగా, దట్టమైన గడ్డిలో నేలపైనే గూడు కడుతుంది.

ఈలబాతు (ఎర్రచిలువ) ఎంపికలో వైవిధ్యం ఎక్కువ. చెట్టుతొర్ర, కొమ్మల పంగ, గద్దలూ కాకులూ కొంగలూ విడిచిన పాత గూడు, నీటి ఒడ్డున తుంగ - వీటిలో అందుబాటులో ఉన్నదానిని స్వీకరిస్తుంది. ఈ జాతిలో ఆడ, మగ రెండూ గుడ్లను పొదుగుతాయి.

జుట్టుచిలువ పరిమాణంలో పెద్దది. మగపక్షి ముక్కుపై ఉండే కండ దీనికి గుర్తు. ఇది ప్రధానంగా పెద్ద చెట్ల తొర్రలలో గుడ్లు పెడుతుంది. పాత కోటగోడల రంధ్రాలను వాడుకోవడం కూడా ఉంది. ఒకే తొర్రలో ఒకటికి మించి ఆడపక్షులు గుడ్లు పెట్టే సందర్భాలున్నాయి.

నాలుగవది కాటన్ పిగ్మీ గూస్. ప్రపంచంలోని అతిచిన్న నీటిబాతులలో ఇది ఒకటి. దీని శాస్త్రీయ నామం నెట్టాపస్ కోరమాండెలియానస్. అంటే ఆంధ్ర, తమిళ తీరాన్ని సూచించే కోరమాండల్ పేరు ఈ పక్షి పేరులోనే నిలిచి ఉంది. నీటిలోనో, నీటి దగ్గరనో నిలిచిన చెట్టు తొర్ర దీని సహజ నివాసం.

కావ్యాలలో సుపరిచితమైన చక్రవాకం తెలుగు ప్రాంతాలకు శీతాకాలపు అతిథి మాత్రమే. అది లదాఖ్, మధ్య ఆసియా వంటి శీతల ప్రాంతాలలో కొండచరియల సందుల్లో, బొరియల్లో గూడు పెడుతుంది. కావ్యాలలో చక్రవాక దాంపత్యం విస్తారంగా వర్ణితమైనా, దాని గూడు ఇక్కడి వారి కంటపడే అవకాశం లేకపోవడానికి కారణం ఇదే.

3. నేలను విడిచిపెట్టడానికి కారణాలు:
మొదటి కారణం శత్రుభయం. నక్క, ముంగిస, ఉడుము, ఊరకుక్క వంటివి నేలగూళ్ళను సులభంగా దోచుకుంటాయి. పొదిగే కాలం సుమారు మూడు నుంచి నాలుగు వారాలు. అంతకాలం కదలకుండా కూర్చునే పక్షికి ఎత్తు, ఇరుకైన ద్వారం రక్షణనిస్తాయి.

రెండవ కారణం నీటిమట్టం. తుపాను వానకు చెరువు ఒక్క రాత్రిలో మరవ దాకా నిండవచ్చు. అప్పుడు అంచున ఉన్న గూళ్ళు మునిగిపోతాయి. తొర్రకు ఆ ప్రమాదం లేదు.

ఈ ఎంపిక సాధ్యం కావడానికి పిల్లల శరీర నిర్మాణం తోడ్పడుతుంది. పావురం, చిలుక పిల్లలు కళ్ళు తెరవకుండా పుట్టి వారాల తరబడి గూటిలోనే ఉంటాయి. బాతుపిల్లలు నూగుతో, తెరిచిన కళ్ళతో పుట్టి, ఒకటి రెండు రోజులలోనే గూడు విడుస్తాయి. తల్లి పిలుపు విని, వాడి గోళ్ళతో తొర్ర లోపలి గోడను పాకి కిందికి దూకుతాయి. బరువు అతి స్వల్పం కావడం, నూగు ఒత్తుగా ఉండటం వల్ల దెబ్బ తగలడం అరుదు. తల్లి వాటికి మేత తెచ్చిపెట్టదు, నీటి దగ్గరకు నడిపిస్తుంది. కాబట్టి చెట్టుకూ చెరువుకూ మధ్య ఉన్న దారి సురక్షితంగా ఉండటం కూడా గూటి విజయంలో భాగమే.

4. ఇతర దేశాల ఉదాహరణలు:
గ్రీన్‌లాండ్‌లో బార్నకిల్ గూస్ ధ్రువపు నక్కకు అందకుండా నిటారైన కొండచరియలపై గూడు పెడుతుంది. పిల్లలు అక్కడి నుంచి దూకేటప్పుడు కొన్ని మరణిస్తాయి. సైబీరియాలో ఎర్రరొమ్ము గూస్ డేగ గూటి సమీపాన్నే ఎంచుకుంటుంది. తన గూటిని కాపాడుకొనే డేగ నక్కను తరిమివేయడం వల్ల గూస్‌కూ రక్షణ దొరుకుతుంది. ఐరోపాలో షెల్‌డక్ కుందేటి బొరియలలో, మల్లార్డ్ బాతు నగరాల మేడలపైన, పూలతొట్లలోన గుడ్లు పెట్టడం తెలిసినదే. స్థలాలు వేరైనా శత్రువుకు అందని చోటును వెదకడమనే సూత్రం ఒకటే.

5. తొర్ర కొరత - పరిరక్షణ:
బాతులు తొర్రను స్వయంగా తొలచలేవు. కొమ్మ విరిగిన చోట శిలీంధ్రాలు చేరి, లోపలి చేవ కుళ్ళి, బాతు పట్టేంత ఖాళీ ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. కనుక చెరువుకట్టలపై, బాటల వెంట ఉన్న ముదురు చింత, రావి, మర్రి వంటి వృక్షాల విలువ ఎక్కువ. పుచ్చిన చెట్టు పనికిరానిదన్న భావనతో, లేదా రహదారి విస్తరణ కోసం ఒక వృక్షాన్ని తొలగిస్తే, బదులుగా నాటిన మొక్క ఆ లోటును ఒక తరంలో పూరించలేదు. చెరువు గర్భాలలో పొదలుగా వ్యాపించే సర్కారుతుమ్మ కూడా దానికి ప్రత్యామ్నాయం కాదు.

చట్టపరమైన ఆధారాలున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్ళను చెదరగొట్టడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది.

అమెరికా అనుభవం ఇక్కడ ఉపయుక్తం. వేట వల్ల, ముదురు చెట్ల నరికివేత వల్ల అక్కడి వుడ్‌డక్ బాగా తగ్గిపోయింది. 1918 చట్టంతో వేటకు అడ్డుకట్ట పడగా, 1930ల నుంచి చెక్కపెట్టెలను కృత్రిమ తొర్రలుగా అమర్చడంతో ఆ జాతి మళ్ళీ పుంజుకుంది.

6. ముగింపు:
- అడవి బాతుల అసాధారణ గూళ్ళు యాదృచ్ఛికం కావు. శత్రుభయానికీ నీటిమట్టపు మార్పులకూ అవి సమాధానాలు.
- పుట్టిన వెంటనే నడవగల పిల్లల స్వభావమే ఎత్తైన గూటిని సాధ్యం చేస్తుంది.
- చెరువు పునరుద్ధరణ ప్రణాళికలలో పూడికతీతతో పాటు తొర్రలున్న ముదురు చెట్ల నమోదు, రక్షణ చేరాలి.
- వడమాలపేట పరిసర కళాశాలల విద్యార్థులు చెరువుల వారీగా అటువంటి చెట్లను గుర్తించి, గూళ్ళను దూరం నుంచి ఏటా పరిశీలిస్తే, ఏ చెట్టును కాపాడాలో నిర్ణయించడానికి స్థానిక ఆధారం లభిస్తుంది.